చూరులో చుట్టిపెట్టిన చాప

మా పక్కింటి పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు టెక్కలి బజారులో తెలిసింది. నాన్నగారి తద్దినానికి సెలవు పెట్టి వెళ్లాను. తద్దినం ముందురోజే అయిపోయింది, అమ్మకు కూరలు కొనిచ్చి బస్సెక్కుదామని బజారుకు వచ్చాను. రోడ్డుకు అటువైపు నుంచి ఎవరో "పంతులమ్మా, ఓ పంతులమ్మా" అని కేకేశారు. చూస్తే మా అక్కుపల్లి మనిషే. చేపల గంప నెత్తి మీద ఉంది. దాన్ని దించకుండానే చెప్పింది.

"నీ పక్కింటి ముసిల్ది ఎల్లిపోనాది పంతులమ్మా. పొద్దున్న మాతోపాటే గంపెత్తుకుని బస్సు కాడికొచ్చినాది. గంప దించినాది, కూకున్నాది. మరి లెగనేదు."

"గంపలో చేపలేమయ్యాయి?" అని అడిగాను. అంతకన్నా బుద్ధిలేని ప్రశ్న నా జన్మలో అడిగి ఉండను. ఆమె మాత్రం ఆశ్చర్యపోలేదు. "ఎవులో ఇంటికి మోసుకెల్లినారమ్మా. బస్సు ఆగదు గదా, నానొచ్చీసినాను" అని కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత చేపలమ్మా అని అరుచుకుంటూ వీధిలోకి వెళ్లిపోయింది. బతకాలి కదా, సరుకు సాయంత్రం దాకా ఉండదు.

ఈ నాలుగు ముక్కలూ రాయడానికి ఆమె ఏపాటి మనిషి అని మీరు అడగొచ్చు. ఊరికి బడి కట్టించలేదు, బావి తవ్వించలేదు. నోరు పెద్దది. ఉద్దానంలో ఆమెకు భయపడనివాళ్లు ఎవరన్నా ఉంటే వాళ్లకు చెవుడు ఉండి ఉంటుంది. అయినా ఆమె పోయిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఎందుకో చెప్పుకుంటే కొంచెం తేలికపడతానేమోనని రాస్తున్నాను.

ఆమెను పెద్దమ్మ అని పిలిచేదాన్ని గాని మా మధ్య చుట్టరికమేమీ లేదు. మాది టెక్కలిలో పౌరోహిత్యం చేసుకునే ఇల్లు. ఆమెది అక్కుపల్లిలో సముద్రం మీద వేటాడి బతికే ఇల్లు. ఆ ఊరి బడిలో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు దొరికిన గదికీ ఆమె ఇంటికీ పెరడు ఒకటే. దిగిన మొదటి రోజే తిట్లు తిన్నాను. ఇసుకలో ఆరేసిన వలను చూసుకోకుండా దాటి వచ్చాను.

"ఏటమ్మా, సదూకున్నావు గదా, కల్లు నేవా? వల దాటేత్తావేటి? ఎనక్కెల్లి సుట్టూ తిరిగి రా!"

వెనక్కి వెళ్లి, చుట్టూ తిరిగి వచ్చాను. హెడ్మాస్టరు కూడా నన్నెప్పుడూ అంత గట్టిగా కసరలేదు. సాయంత్రం అదే మనిషి గుమ్మంలో నిలబడి, కాల్చి కొట్టిన జీడిపప్పు ఆకులో పెట్టి ఇచ్చింది. "సేపల సెయ్యి కాదమ్మా, కడుక్కునే వొచ్చినాను. తిను" అంది. ఆమె తీరు అదే. తిట్టు ముందు వచ్చేది, తిండి తర్వాత వచ్చేది.

వలల విషయంలో ఆ వీధికి ఆమె మాటే చట్టం. ఆడవాళ్లు వల దాటకూడదు. ముట్టయి బయట ఉన్నవాళ్లు పడవ వైపు పోకూడదు. వాటన్నిటికన్నా గట్టి చట్టం సీసం గుండ్ల గురించి. వల అంచు నీళ్లలో మునగడానికి చిన్న చిన్న సీసం గుండ్లు కడతారు. ఆ వీధి వలలన్నిటికీ వాటిని ఆమే పోసేది. ఇనప గరిటెలో సీసం కరిగించి మట్టి అచ్చుల్లో పోస్తున్నంతసేపూ కొత్త కోడళ్లనూ పెళ్లికెదిగిన పిల్లల్నీ దగ్గరికి రానిచ్చేది కాదు. చల్లారిన గుండ్లను కూడా ఒళ్లో పోసుకోకూడదు. పక్కన చేటలో పెట్టుకుని ఒక్కొక్కటే తీసి కట్టాలి. సీసం కిందికి లాగుతుందనీ, ఒళ్లో పెట్టుకున్నదానికి కడుపు నిలవదనీ ఆమె చెప్పేది. ఒకసారి వీధిలో ఓ పిల్ల మరచిపోయి గుండ్లు ఒళ్లో పోసుకుంటే, ఆ పిల్లను అక్కడికక్కడే లేపి సముద్రంలో ముంచి తీసుకొచ్చింది.

మరో చట్టం చాపది. ఆమె ఇంటి వెనక చూరులో ఒక తాటాకు చాప చుట్టి దోపి ఉండేది. ఇంట్లో ఆడవాళ్లు బయట చేరితే దాన్ని దించుకుని, పెరటి చివర కొబ్బరిచెట్టు కింద పరుచుకుని కూర్చోవాలి. స్నానమయ్యాక చాపను కూడా తడిపి, ఆరేసి, మళ్లీ చూరులో దోపాలి. మా టెక్కలి ఇంట్లోనూ ఇదే భాగోతం, చాపకు బదులు గోనెపట్టా, అంతే తేడా. కాబట్టి ఆ చాప మీద నాకు అప్పట్లో గౌరవమేమీ లేదు. ఉదయం కిటికీ తీస్తే ఎదురుగా అదే కనబడేది, నాకు చిరాకు వేసేది.

ఆ ఇంటి కోడలి పేరు దాలమ్మ. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండే పిల్ల. నా దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకుంటానని వచ్చేది. అక్షరాలు వదిలేసి బడిపిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని జడలు వేసేది. ముక్కు కారుతున్నవాడినైనా సరే ఎత్తుకునేది. పెళ్లయి రెండేళ్లు దాటుతున్నా కడుపు పండలేదని వీధిలో అప్పటికే గుసగుసలున్నాయి. పంతొమ్మిదేళ్లు నిండకముందే ఆ పిల్లకు సాయంత్రమయ్యేసరికి జ్వరం రావడం మొదలైంది. మెడ పక్కన బిళ్లలు కట్టాయి. పసరు పూశారు, వాత పెట్టారు. బిళ్లలు తగ్గలేదు సరికదా, గజ్జల్లో కూడా లేచాయి.

పలాసలో ఒక డాక్టరు చూసి, ఒక బిళ్లను కోసి పట్నం పంపించాడు. జవాబు వచ్చాక పెద్దమ్మ కొడుకునూ నన్నూ పిలిచి క్యాన్సరు అని చెప్పాడు. ఆ కొడుకు ఎంత గాలివానలోనైనా పడవ తిప్పుకొచ్చే మనిషి, బయటికొచ్చి అక్కుపల్లి బస్సు ఎక్కడ ఆగుతుందని నన్నడిగాడు. ఇంటికొచ్చి పెద్దమ్మకు చెప్పే పని నా మీద పడింది. నేను చెప్పిందంతా విని ఆమె ఒక్కటే అడిగింది.

"అంటుకుంటాదా?"

"అంటుకోదు."

"అంటుకుంటే ఏటి నే, అంటుకోకపోతే ఏటి. ఈయేల నుంచి గుంట పక్కన నాను తొంగుంటాను" అంది. గుంట అంటే వాళ్ల మాటలో ఆడపిల్ల, ఆ రాత్రే తన పడక ఆ పిల్ల పక్కకు మార్చింది.

వీధిలో అమ్మలక్కలు సలహాలు మోసుకొచ్చారు. పిల్లను పుట్టింటికి పంపెయ్యమన్నారు. కొడుక్కి ఇంకో పిల్లను చూస్తామన్నారు. పెద్దమ్మ చేపలు తోముకుంటూ తల ఎత్తకుండానే జవాబు చెప్పింది. "మీ ఇంట్లో గుంటలకి జొరమొత్తే ఎక్కడికి పంపినారో సెప్పండి. నానూ అక్కడికే పంపుతాను." మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

పలాసలో రైలెక్కి పట్నం వెళ్లాం. కొడుకు, కోడలు, పెద్దమ్మ, చదువుకున్నదాన్ని కాబట్టి నేను. పెద్దమ్మ అంతకుముందు రైలెక్కి హరిశ్చంద్రపురం దాటలేదు. ఆ స్టేషన్ వెనకబడగానే కిటికీలోంచి బయటికి చూడడం మానేసింది. కోడలి తల ఒళ్లో పెట్టుకుని, పట్నం వచ్చేదాకా కొంగుతో విసురుతూనే ఉంది. బెంచీ మీద ఎవరో కొంచెం జరగమంటే, జరగనంది.

ఆసుపత్రిలో మమ్మల్ని చూసిన డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది. ఓపికున్న మనిషి. మాకు అర్థం కావాలని ఒక్కొక్క మాటే చెప్పింది. ఈ జబ్బు బిళ్లల్లో ఉంటుంది, కరెంటు పెడితే లొంగుతుంది. రేడియేషన్‌ను అక్కడ అందరూ కరెంటు అనే అంటారు. గజ్జల్లో కూడా బిళ్లలున్నాయి కాబట్టి కిందా పెట్టాలి. అక్కడ పెడితే అండాశయాలు మాడిపోతాయి. ముట్టు ఆగిపోతుంది, ఇక పిల్లలు పుట్టరు.

దాలమ్మ బల్ల మీద కూర్చుని గోరు కొరుక్కుంటోంది. ఆ మాటకు కొరకడం ఆపేసింది.

"ఒక దారి ఉంది" అంది డాక్టరమ్మ. "ముందు ఆపరేషన్ చేసి, రెండు పక్కలా ఉండే ఆ అండాల సంచుల్ని మధ్యలోకి, గర్భసంచి వెనక్కి తెచ్చి కుట్టేస్తాం. కరెంటు పక్కల్లోంచి పోతుంది. మధ్యలో పడకుండా పైన అడ్డం పెడతాం. ఇది నేను ఎక్కువమందికి చేయలేదు. పనిచేస్తుందని మాట ఇవ్వలేను."

పెద్దమ్మ ముందుకు వంగింది. "అడ్డమెడితే కరెంటు అక్కడ పడదు. మరి ఆ అడ్డం కింద రోగం దాగుంటేనో, డాకటరమ్మా?"

"నా భయమూ అదే" అంది డాక్టరమ్మ. "మధ్యలో బిళ్లలున్నట్టు నా చేతికి తగల్లేదు. ఆపరేషన్‌లో కళ్లతో చూస్తాను. కనబడితే అడ్డం పెట్టను. కనబడకపోతే పెడతాను. కంటికి కనబడనంత చిన్నది ఉంటే మాత్రం నాకు తెలియదు. పుండు మానేదాకా కరెంటు కూడా కొన్నాళ్లు ఆగాలి. ఆ ఆగడం కూడా మంచిది కాదు."

"అయితే వొద్దు" అంది పెద్దమ్మ. "గుంట బతికితే సాలు. పిల్లలు నేకపోతే మానీ."

కొడుకు తల వంచుకుని నేల చూస్తున్నాడు. నాకు పెద్దమ్మ మాట సబబుగానే తోచింది. అప్పుడు దాలమ్మ నోరు విప్పింది. ఆ పిల్ల అత్త ముందు గొంతెత్తడం నేను అంతకుముందు వినలేదు.

"నాకు కావాల."

"ఏటే కావాల?"

"పిల్లలు కావాల అత్తా. సచ్చిపోతే సచ్చిపోతాను. బతికితే మాత్రం ఉట్టి సేతుల్తో బతకనేను."

పెద్దమ్మ లేచి విసురుగా వరండాలోకి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్లాను. స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. కోపమో ఏడుపో తెలియడం లేదు. "సూసినావా పంతులమ్మా, నా బతుకంతా సముద్రం మీదికి మగోల్లని పంపి గడప కాడ కూకున్నాను. ఇప్పుడు ఇది కూడా ఎల్తానంటంది" అంది. కాసేపటికి ముక్కు చీది, కొంగు దోపుకుంది. "దాని ఒల్లు అది. వొద్దనడానికి నానెవుల్ని?" అని, లోపలికి వెళ్లి "సెయ్యమ్మా" అని డాక్టరమ్మతో చెప్పింది.

ఆపరేషన్ జరిగింది. మధ్యలో ఏ బిళ్లలూ కనబడలేదని డాక్టరమ్మ చెప్పింది. పుండు మానాక కరెంటు పెట్టే గదికి తీసుకెళ్లారు. మందంగా ఇనప తలుపు, గోడలో ఒక గాజు పలక. మిషను దగ్గర పనిచేసే ఆయన పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, పొత్తికడుపు మీద ఊదారంగు సిరాతో గీతలు గీసి, బట్ట చుట్టిన బరువైన దిమ్మ ఒకటి సరిగ్గా ఆ గీతల మధ్య పెట్టాడు. కదలొద్దని చెప్పి అందరినీ బయటికి పంపి తలుపు వేశాడు. లోపల దాలమ్మ ఒక్కర్తే.

మిషను మొదలైందో లేదో, గాజులోంచి చూస్తున్న ఆయన ఒక్క అరుపు అరిచి దాన్ని ఆపేశాడు. దాలమ్మ ఆ దిమ్మను రెండు చేతులా తోసేసింది. అది బల్ల పక్కన నేల మీద పడి ఉంది. ఆయన మంచివాడే గాని అప్పుడు మాత్రం నోటికొచ్చినట్టు తిట్టాడు. నేను ఎందుకిలా చేశావని అడిగాను. డాక్టరమ్మ వచ్చి అడిగింది. పిల్లది ఒకటే మాట.

"అది గుండు. అది గుండు."

మాకెవరికీ అర్థం కాలేదు. పెద్దమ్మ వంగి, దిమ్మ మీద బట్ట కొంచెం పక్కకు తీసి చూసింది. సీసం. బట్ట తొలిగిన చోట రంగు, పొట్ట మీద ఆ బరువు, పుట్టినప్పటినుంచీ గుండ్ల మధ్య పెరిగిన పిల్లకు అంతకన్నా ఏం చెప్పాలి? పిల్లల కోసం ఒళ్లు కోయించుకున్న పిల్ల, పిల్లల కోసమే ఆ సీసాన్ని తోసేసింది. ఎవరూ లేని గదిలో కూడా తన అత్త చెప్పిన మాటే పాటించింది.

పెద్దమ్మ ముఖం ఎలా మారిందో నేను మరచిపోలేను. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. ఆ చట్టం ఆమెదని అక్కడివాళ్లకు తెలిస్తే కదా. ఆమె ఆ దిమ్మను రెండు చేతులా ఎత్తుకుని వరండాలోకి వచ్చి, కటిక నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, ఒళ్లో పెట్టుకుంది.

"సూడు గుంటా. ఎట్టుకున్నాను."

"నీకేటత్తా" అంది దాలమ్మ ఏడుస్తూ. "నీ కడుపు పండిపోనాది. నీకేటవుతాది?"

పెద్దమ్మ దిమ్మ మీద చేత్తో రాస్తూ కూర్చుంది. తర్వాత చెప్పింది. అన్నేళ్లు పక్కింట్లో ఉన్నా నేను వినని సంగతి, కొడుకు కూడా వినని సంగతి.

"ఈడికి ముందు నాకో కడుపు పోనాది. అప్పుడు నాను వలకి గుండ్లు కడతన్నాను, ఒడినిండా ఉన్నాయి. మా అత్త సూసి, గుండ్లే లాగీసినాయి అన్నాది. ఎవుల మీదో ఒకలి మీద నెట్టాల గదే! మడిసి మీద నెడితే మడిసి ఏడుత్తాది. గుండు ఏడవదు. అందుకని గుండు మీద నెట్టినాం. అంతే. మరేటీ నేదు. నాను నెట్టినాను, మీరందరూ నమ్మినారు. తప్పు నాదే తల్లీ."

దాలమ్మ ఏడుపు ఆపింది. అత్త ఒళ్లో ఉన్న దిమ్మ మీద వేలు పెట్టి చూసింది. "అయితే నువ్వే ఎట్టు" అంది.

ఆ రోజు నుంచి కరెంటు పెట్టిన ప్రతిసారీ దిమ్మను పెద్దమ్మే మోసుకెళ్లి కోడలి పొట్ట మీద పెట్టేది. మిషను ఆయన గీతలు చూసుకుని అటూ ఇటూ జరిపేవాడు. మొదట్లో విసుక్కున్నాడు, తర్వాత ఆమె కోసం ఎదురుచూసేవాడు. ఇనప తలుపు పడ్డాక ఆమె గాజు పలక ముందు నిలబడి, లోపలికి వినబడదని తెలిసినా "కదలకు గుంటా, కదలకు" అంటూ ఉండేది. డాక్టరమ్మ ఆమెను కించపరచలేదు. సీసం పొగ కడుపుతో ఉన్నవాళ్లకు నిజంగానే మంచిది కాదనీ, కొత్త కోడళ్లను దూరంగా ఉంచి మంచి పనే చేసిందనీ చెప్పింది. కాని మొదటి రోజు తోసేసినప్పుడు మధ్యలో ఎంత కరెంటు పడిందని పెద్దమ్మ అడిగితే, "కొంచెమే. ఆ కొంచెం ఎంతో నాకు తెలియదు" అంది. పెద్దమ్మ ఆ మాటను ఇంటికి మోసుకొచ్చింది. తర్వాత దాన్ని ఎక్కడా దించలేదు.

డాక్టరమ్మ పంపించేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పింది. ముట్టు ఇప్పుడు ఆగిపోతుంది. మళ్లీ వస్తే లోపల అవి బతికి ఉన్నట్టు. రావచ్చు, రాకపోవచ్చు. జబ్బు సంగతి మాత్రం ఇంకా కొన్నేళ్లు గడిస్తే గాని ఎవరూ చెప్పలేరు. అప్పటిదాకా పిలిచినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలి.

జ్వరం తగ్గింది. బిళ్లలు కరిగాయి. దాలమ్మ జుట్టు మెడ దగ్గర ఊడి, మళ్లీ మొలిచింది. ముట్టు మాత్రం రాలేదు. నెలలు గడిచాయి. నాకు చిరాకు తెప్పించిన ఆ చాప చూరులో అలాగే ఉండిపోయింది. వేటకు వెళ్లిన పడవ కోసం చూసినట్టు పెద్దమ్మ దాన్ని చూసేది. మొదట్లో అడిగేది. "నేదత్తా, అడక్కు" అని కోడలు విసుక్కుంటే అడగడం మానేసింది. పొద్దున్నే గంప ఎత్తుకునే ముందు మాత్రం ఒకసారి పెరట్లోకి వెళ్లి చూరు వంక చూసి వచ్చేది. చాప అక్కడే ఉంటే ఏమీ అనేది కాదు. చెంగు తలకు చుట్టుకుని, గంప ఎత్తుకుని వెళ్లిపోయేది. ఆ మనిషి మాట తగ్గిపోవడం వీధంతా గమనించింది. నాకు భయమేసింది. తిట్టని పెద్దమ్మను నేనెప్పుడూ చూడలేదు.

వానాకాలంలో చూరు కారి చాప కుళ్లిపోయింది. పారేస్తుందనుకున్నాను. తాటాకులు తెప్పించి, చీల్చి, అరుగు మీద కూర్చుని కొత్తది అల్లడం మొదలుపెట్టింది. ఎదురింటావిడ ఊరుకోకుండా "ఎవులికే ఆ సాప? మీ ఇంట్లో బయటుండేదెవులు?" అని నవ్వింది. "నా కోడలికి" అంది పెద్దమ్మ. అంచు కట్టి, చుట్టి, అదే చోట దోపింది. పచ్చిదనం ఇంకా పోలేదు దానికి.

అప్పుడే ఒక సాయంత్రం నాతో అంది. "పంతులమ్మా, నాను మైలన్నాను, దూరమన్నాను, ఆ సాప మీద ఎంతమందినో కూకోబెట్టినాను. ఇప్పుడు ఆ మైల కోసం మొక్కుతన్నాను. అమ్మోరు నవ్వుకుంటాదేమో."

"నవ్వదు" అన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకే నేను తద్దినానికి టెక్కలి వెళ్లడం, బజారులో ఈ కబురు వినడం. కూరలు అక్కడే వదిలేసి బస్సెక్కాను. పలాసలో దిగి అక్కుపల్లి బస్సు పట్టుకుని చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. ముఖానికి పసుపు రాశారు. కాళ్ల దగ్గర కొడుకు కూర్చుని ఉన్నాడు. ఆమె పాదాలు పగుళ్లిచ్చి, ఉప్పు పట్టి ఉన్నాయి. ఆ పాదాలు ముట్టుకుని ఏడ్చాను. ఎవరు చూస్తున్నారో, మా వాళ్లు ఏమంటారో నాకు పట్టలేదు. కాసేపటికి కోడలు కనబడలేదని గుర్తొచ్చింది. దాలమ్మ ఏదని అడిగితే ఒక ముసలామె ముఖం చిట్లించింది.

"ఏటి సెప్పమంటావు తల్లీ. దిక్కుమాలిన ముండ, సావు నాడే బయట సేరాలేటి! అత్త కాల్లు ముట్టుకునే రాత కూడా నేదు."

నేను లేచి ఇల్లు చుట్టి పెరట్లోకి పరిగెత్తాను. చూరు ఖాళీగా ఉంది. కొబ్బరిచెట్టు కింద కొత్త చాప పరిచి ఉంది. దాని మీద దాలమ్మ మోకాళ్లు కౌగిలించుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"అత్త గంపెత్తుకెల్లిన కాసేపటికే సూసుకున్నాను పంతులమ్మా" అంది. "బస్సు కాడికి లగెత్తి సెప్దామనుకున్నాను. మల్లీ, వొద్దులే, మద్దేనం వొత్తాది గదా, సాప ఏసుకుని కూకుంటే తనే సూత్తాది గదా అనుకున్నాను. తిడతాదేమో, ఏడుత్తాదేమో సూద్దామని కూకున్నాను. ఇక్కడే కూకున్నాను. మోసుకొచ్చినారు."

దగ్గరికి వెళ్లి ఆ చాప మీదే, ఆ పిల్ల పక్కనే కూర్చున్నాను. వీపు నిమిరాను. అంతకన్నా నాకు చేతనైంది లేదు.

ముట్టు రావడమంటే పిల్ల పుట్టడం కాదు. జబ్బు పోవడం అంతకన్నా కాదు. ఆ అడ్డం కింద ఏం దాగిందో, ఏం దాగలేదో డాక్టరమ్మకే తెలియనప్పుడు నాకేం తెలుస్తుంది? మళ్లీ పట్నం వెళ్లే రోజు దగ్గరపడుతోంది. ఈసారి బల్ల పక్కన నిలబడి కదలకు అనడానికి ఆమె ఉండదు. నేను వెళతాను, కాని నేను ఆమెను కాను. మొదటి రోజు పడిన ఆ కొంచెం కోడలి కడుపును కాల్చలేదని మాత్రం ఇప్పుడు తెలిసింది. ఆ ఒక్క మాట వినడానికి ఆమె అన్ని నెలలు ఆ చూరు వంక చూసింది. అది తెలిసేలోపే, బస్సు దగ్గర, గంప పక్కన, తను చెప్పిన సీసం మాటే ఆ పిల్ల గొడ్డుపోవడానికి కారణమనుకుంటూ వెళ్లిపోయింది. ఇది తలచుకుంటే నాకు దేవుడి మీద కోపం వస్తోంది. పౌరోహిత్యం చేసే ఇంట్లో పుట్టినదాన్ని అనకూడదేమో, కాని వస్తోంది.

ఆ సాయంత్రం చీకటి పడకుండా తీసుకెళ్లాలని పాడె ఎత్తారు. వాకిట్లోంచి బయలుదేరి, పెరటి పక్క సందులోంచే సముద్రం వైపు నడిచారు. దాలమ్మ లేచి నిలబడింది. చాప దిగలేదు, అత్త పెట్టిన చట్టం తప్పలేదు. చాప అంచున నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"అత్తా! సాప దించినాను! సాప దించినానత్తా!"

ఆడవాళ్లు ఊరుకోమన్నారు. మోసేవాళ్లు ఎందుకో అక్కడ ఒక్క క్షణం ఆగారు, భుజాలు మార్చుకుని మళ్లీ నడిచారు. వాళ్లు ఇసుక దిబ్బ దాటి కనబడకుండా పోయేదాకా ఆ పిల్ల అక్కడే నిలబడింది, కాళ్ల కింద అత్త అల్లిన చాప, దాని మీద ఇంకా ఆరని తాటాకు పచ్చ.